మోకాలి మీద చెయ్యి

ఇస్త్రీ అక్క ఒకసారి దేశం చూడటానికి వెళ్లొచ్చింది. పాత రాజధాని, కోట ఊరు, సరస్సు, మంచుకొండ ఎదురుగా కనిపించే కనుమ. పరాయి దేశాల వాళ్లు విమానాలెక్కి వచ్చి చూసిపోయేవన్నీ వరసగా తిరిగింది. తిరిగి పనిలోకి రాగానే లాండ్రీలో ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"ఏం చూశావే, చెప్పు."

"కాలు" అంది.

"ఎవరి కాలు?"

"మా ఆయనది. కుడికాలు."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. ఇస్త్రీ రోలరులోంచి వస్తున్న వేడి దుప్పటి అంచు అందుకుని మడతపెట్టింది. ఆమె చెప్పింది నిజం. ఆ ప్రయాణంలో బండి నడుస్తున్నంతసేపూ ఒక్కసారి తప్ప ఆమె తల ఎత్తలేదు.

ఆ లాండ్రీ ఒక పెద్ద భవనం అడుగున ఉంటుంది. ఊళ్లో టూరిస్టు హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు, గలీబులు అక్కడికే వస్తాయి. రోలరుకు ఇటు ఇద్దరు నిలబడి తడి గుడ్డ అందిస్తే అటు ఇద్దరు వేడి గుడ్డ పట్టుకుని మడతపెడతారు. ఇస్త్రీ అక్క మడత పక్క. ఆవిరికి మోచేతుల దాకా నూగు రాలిపోయి ఆమె చేతులు పింగాణీలాగా నున్నగా ఉంటాయి. అరచేతులు మాత్రం చెప్పు అడుగులాగా గట్టిపడ్డాయి. ఊరి హోటళ్లలోని మెత్తటి పడకలన్నీ నీ చేతుల మీదుగా పోతాయి, ఒక్కదాని మీదైనా పడుకున్నావా అని ఎవరైనా జాలిపడితే ఆమెకు విసుగు. "పడుకుంటే ఏమొస్తుంది? పొద్దున లేచి మళ్లీ నేనే ఉతకాలిగా" అంటుంది.

ఆమె భర్త టూరు కంపెనీలో వ్యాను డ్రైవరు. తోటి డ్రైవర్లు పెట్టిన పేరు నిదానం. ఎవరెంత హారన్ కొట్టినా ముందు బండిని దాటడు. "నీ వెనక పడితే పెళ్లికి బయల్దేరినవాడు పిల్లల బారసాలకు చేరతాడు" అని వెక్కిరించేవాళ్లు. నవ్వి ఊరుకునేవాడు. ఇరవై ఏళ్ల పైగా అదే దారిలో బండి నడిపాడు. ఆ దారిలో కోటలెన్నో, రాజుల స్నానాల గదులెన్నో. నిదానానికి తెలిసింది మాత్రం వాటి ముందుండే పార్కింగు స్థలాలు. ఏ పార్కింగులో ఎండ పడుతుంది, దేనిలో కుళాయి ఉంది, ఎక్కడ కాపలావాడు కసురుకోడు, ఇవి చెబుతాడు.

టూరు కంపెనీ కాగితాల్లో 'డ్రైవరుకు బస ఉచితం' అని ఉంటుంది. ఉచితమన్నది నిజమే. బసే లేదు. కొన్ని హోటళ్లలో జనరేటరు గదిలో ఒక బల్ల చూపిస్తారు. కనుమ మీద హోటల్లో అదీ లేదు. బండిలోనే పడుకోవాలి. డీజిలు దండగని ఇంజను ఆపెయ్యమంటారు, అంటే హీటరు కూడా ఆగిపోతుంది. లోపల టూరిస్టులు రెండు రజాయిల కింద పడుకుని 'అబ్బ, ఏం చలి, ఎంత బాగుంది' అనుకుంటుంటే బయట గాజు పెట్టెలో డ్రైవర్లు కాళ్లకు పాత పేపర్లు చుట్టుకుని మునగదీసుకుంటారు. ఏళ్ల తరబడి అలా పడుకున్నాడు నిదానం. దానికి తోడు ఒంట్లో చక్కెర జబ్బు చేరింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

కాలు పోయిందని తెలిసింది ఒక సాయంత్రం. అతను హీటరు ముందు కుర్చీ వేసుకుని టీవీ చూస్తున్నాడు. ఆమె వంటగదిలో ఉంది. కాలిన వాసన వచ్చింది. ఆ వాసన ఆమె ముక్కుకు కొత్త కాదు.

"గుడ్డేదో కాలుతోందయ్యా" అంది.

"ఇస్త్రీ పెట్టె తీశావా లేదా?"

"ఇంట్లో నాకు ఇస్త్రీ పెట్టె ఎక్కడ ఏడ్చింది?" అంటూ వచ్చి చూసింది. అతని కుడి మడమ హీటరు ఊచకు ఆనుకుని ఉంది. మేజోడు కరిగి చర్మానికి అంటుకుపోయింది. పొగ వస్తోంది. అతను టీవీలో వాతావరణం చూస్తున్నాడు.

ఆమె కుర్చీతో సహా అతన్ని వెనక్కి లాగింది. అతను కాలు ఎత్తి చూసుకున్నాడు, బస్సులో పక్కవాడు మర్చిపోయిన సంచీని చూసినట్టు. కోపమొస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుందంటారు. నిదానానికి ఇక ఆ సౌకర్యం కూడా లేదు.

డాక్టరు సూదితో పొడుస్తూ పోయాడు. కుడికాలు చీలమండ పైదాకా స్పర్శే లేదు. ఇది మళ్లీ రాదు, పుండు పడకుండా చూసుకోవడమే అన్నాడు. "ఏం పని చేస్తుంటారు?" అని అడిగాడు.

"పార్కింగు చూస్తుంటాను" అన్నాడు నిదానం. ఆమె గోడ మీద బొమ్మ వంక చూసింది.

బయటికొచ్చాక అంది. "ఆఫీసులో చెప్పెయ్యి."

"చెబితే?"

అంతకు ముందేడు ఒక డ్రైవరు తనకు చూపు మసకేస్తోందని నిజాయితీగా చెప్పుకున్నాడు. మేనేజరు మెచ్చుకుని భుజం తట్టి, చేతికి బండ్లు తుడిచే గుడ్డ ఇచ్చాడు. చలికాలంలో టూరిస్టులు తగ్గగానే ఆ గుడ్డ కూడా తీసుకున్నాడు. నిజం చెప్పినవాడికి అన్నం పెట్టే ఏర్పాటు లేని చోట అబద్ధం వ్యక్తిగత దోషం కాదు. కానీ బండిలో వెనక కూర్చున్న మనుషులకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

"సీజను దాటనీ. అప్పుడు చెబుతా" అన్నాడు నిదానం. "ఈలోపల పాదం ఎక్కడుందో చూసుకుంటూ తోలతా."

"నువ్వు పాదం చూసుకుంటుంటే రోడ్డెవడు చూస్తాడు? మీ తాతా?"

వెనకటికి ప్రతి వ్యానులోనూ డ్రైవరు పక్కన ఒక క్లీనరు ఉండేవాడు. దిగి వెనక చక్రానికి రాయి పెట్టడం, మలుపులో బండి తిప్పేటప్పుడు 'రై రై' అనడం, డ్రైవరుకు కునుకు రాకుండా కబుర్లు చెప్పడం అతని పని. ఖర్చు తగ్గించాలని కంపెనీ క్లీనర్లందర్నీ తీసేసింది. సీటు మాత్రం అక్కడే ఉంది, ఖాళీగా. ఆ సీటులో తాను కూర్చుంటానంది ఇస్త్రీ అక్క.

నిదానం వెళ్లి మేనేజర్ని అడిగాడు. "క్లీనరు లేక కనుమ మీద ఇబ్బందిగా ఉంది సార్. మా ఆవిడ వస్తానంటోంది. జీతం వద్దు."

"జీతం వద్దంటే మీ అత్తగార్ని కూడా ఎక్కించుకో" అన్నాడు మేనేజరు.

ఆదివారం కంపెనీ షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఇద్దరూ సాధన చేశారు. మొదట నోటితో చెప్పి చూసింది. "జరిగింది", "ఎత్తు", "ఇంకా ఎత్తు". ఇంజను మోతలో వినబడలేదు, వినబడితే వెనకవాళ్లకీ వినబడుతుంది. అప్పుడు అతని కుడి మోకాలి పైన చెయ్యి వేసింది. అక్కడిదాకా అతనికి స్పర్శ ఉంది. పాదం పెడలు మీంచి పక్కకు జారితే ఒకసారి నొక్కుతుంది. యాక్సిలరేటరు మీంచి ఎత్తాననుకుని ఎత్తకపోతే రెండుసార్లు. కళ్లు పాదం మీద, చెయ్యి మోకాలి మీద. సాయంత్రమయ్యేసరికి బాగానే కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే, ఇది పిచ్చిపని అన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

షెడ్డు మేస్త్రి, అంటే కంపెనీ బండ్లు బాగుచేసే మెకానిక్కు, దూరం నుంచి చూసి కేకేశాడు. "ఏంటక్కా, ముసలితనంలో డ్రైవింగు నేర్పిస్తున్నాడా?"

"ఆయనకే నేర్పుతున్నా" అంది. మేస్త్రి అది హాస్యమనుకున్నాడు. ఆవిడ కూడా వెళుతోందని తెలిసి, బండి కింద పడుకుని బ్రేకులు మళ్లీ ఒకసారి విప్పి బిగించాడు.

అలా బయల్దేరారు. బండిలో అంతా రిటైరయిన వాళ్లు, సెలవు మీద వచ్చినవాళ్లు. ముందు వరసలో ఒక లెక్కల టీచరమ్మ, భర్త పోయాక మొదటిసారి ఊరు దాటింది. ఆమె వెనక మెడలో కెమెరా వేలాడేసుకున్న ఒకాయన. గైడు ఒక చురుకైన అమ్మాయి. నిదానాన్ని బాబాయ్ అంటుంది, ఆమెను ఎక్కగానే పిన్నీ అనేసింది.

పాత రాజధానిలో ఇటుక మేడలున్నాయట, వీధి మీదికి వంగిన చెక్క బాల్కనీలున్నాయట, రాణి స్నానం చేసిన రాతి తొట్టి ఉందట. గైడమ్మాయి మైకులో చెబుతుంటే ఇస్త్రీ అక్క విన్నది. కళ్లు మాత్రం పెడలు దగ్గరే. ఇరుకు వీధుల్లో బ్రేకు పని ఎక్కువ. బండి ఆగగానే టూరిస్టులు దిగి వెళ్లారు. ఆమె అతని బూటు విప్పి బోర్లించింది. ఒక మేకు రాలిపడింది. మేజోడు ఎర్రగా ఉంది.

"ఎప్పుడు దూరిందో" అన్నాడు.

"నన్నడిగితే?" అంటూ పుండు కడిగి కట్టు కట్టింది.

గైడమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ, రా, గేటు దగ్గర మావాళ్లే ఉన్నారు, టికెట్ లేకుండా తీసుకెళతా. ఇంత దూరం వచ్చి పార్కింగు చూసి పోతావా?"

"నాకు మోకాళ్ల నొప్పులమ్మా. మెట్లెక్కలేను."

"బాబాయ్, నువ్వైనా చెప్పు."

"మీ పిన్నికి పాత ఇళ్లంటే ఇష్టం లేదు. మేముండేదే పాతిల్లు" అన్నాడు నిదానం.

కోట ఊళ్లోనూ ఇదే. ఊరి చుట్టూ గోడ, గోడకు పెద్ద పెద్ద తలుపులు, లోపల నాణేలు పోతపోసిన గదులు. టూరిస్టులు ఎండలో మెట్లెక్కుతూ చిన్న చిన్న రంగు చుక్కల్లా కనిపించారు. ఆమె కుళాయి దగ్గర కట్టుగుడ్డ ఉతికి బండి అద్దానికి ఆరేసింది.

మొదటిరోజు ఆమెకు భయం వేసింది. మర్నాటికి భయం లేదు. పోలేదు, వినబడటం మానేసింది. రోలరు చప్పుడూ అంతే. కొత్తగా చేరినవాళ్లు చెవులు మూసుకుంటారు, వారం తిరిగేసరికి ఆ చప్పుడు మధ్యే నిద్రపోగలరు. నీకేం అనిపించలేదా అని తర్వాత అడిగినవాళ్లతో ఆమె ఇదే చెప్పింది. "ఏమనిపించాలి? జారితే నొక్కడం, ఎత్తకపోతే నొక్కడం. అంతే కదా పని."

వెనకవాళ్లకు మాత్రం చాలా అనిపించింది. రోజంతా డ్రైవరు మోకాలి మీద భార్య చెయ్యి! సరస్సు ఒడ్డున టీ తాగుతూ టీచరమ్మ బయటపడింది.

"ఏమమ్మా, నీకెంత ప్రేమమ్మా ఆయనంటే! చెయ్యే తియ్యవు! మా ఆయన డాక్టరు. నాడి చూడటానికి తప్ప నా చెయ్యి పట్టుకుని ఎరగడు."

కెమెరా ఆయన అందుకున్నాడు. "మేడమ్, వెనక నుంచి తీశాను, చూడండి. స్టీరింగు, సరస్సు, మీ చెయ్యి. అద్భుతం! దీనికి 'జీవిత ప్రయాణం' అని పేరు పెడతా."

ఫొటోలో తన చేతిని చూసుకుంది ఇస్త్రీ అక్క. గోళ్లు తెల్లగా ఉన్నాయి, గట్టిగా నొక్కుతున్నప్పటిది.

"ఆయనకు చలి పడదండీ" అంది.

టీచరమ్మకు కళ్లు చెమర్చాయి. అప్పట్నుంచీ తన బిస్కెట్లు ఆమెకు పెట్టడం, ఫ్లాస్కులో టీ పోసివ్వడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుని తన భర్త చివరి రోజులు చెప్పుకుంది. ఇస్త్రీ అక్క ఊకొట్టింది. నమ్మి ప్రాణం అప్పజెప్పిన మనిషి చేతి బిస్కెట్టు అని ఆ క్షణంలో తట్టిందేమో తెలియదు. తట్టినా తినేసింది, ఆకలిగా ఉంది.

కనుమ రోజు వచ్చింది. ఈ ప్రయాణమంతా దానికోసమే. పైన ఒక చదును, ఇనుప కంచె, ఎదురుగా లోయకు అవతల దేశంలోకెల్లా పెద్ద మంచుకొండ. పొద్దున్నే వెళ్లి నిలబడ్డారు. ఏమీ లేదు. మబ్బు. కంచె కూడా సగమే కనిపిస్తోంది. ఎదురుచూసి ఎదురుచూసి ముక్కులెర్రబడి బండెక్కారు.

"ఇంత దూరమొచ్చి పొగ చూసి పోతున్నాం. పొగ మా వంటింట్లో లేదా?" అన్నాడు కెమెరా ఆయన.

దిగుడు మొదలైంది. ఒకవైపు కొండ, ఒకవైపు మోకాలెత్తు రాతి గోడ, ఆ తర్వాత గాలి. నిదానం రెండో గేరులో పెట్టి అలవాటుగా దిగుతున్నాడు. ఆమె చెయ్యి మోకాలి మీద, చూపు పాదం మీద. మలుపు, బ్రేకు. మలుపు, బ్రేకు. ఒకసారి జారింది, నొక్కింది, సర్దుకున్నాడు.

ఉన్నట్టుండి వెనక నుంచి ఒక్కపెట్టున అరుపులు. మబ్బు విడిపోయింది.

"పిన్నీ! అటు చూడు! చూడు పిన్నీ, మళ్లీ కనబడదు!" గైడమ్మాయి ఆమె భుజం పట్టి కుదిపింది.

ఆమె తల ఎత్తింది.

తెల్లగా ఉంది. ఆకాశంలో సగం దాకా ఉంది. ఉతికిన పెద్ద దుప్పటిని ఎవరో నాలుగు మూలలా పట్టుకోకుండా మధ్యలో పట్టి ఎత్తినట్టు, ముడతలు ముడతలుగా. దాన్ని మడతపెట్టాలంటే ఎంతమంది కావాలో అనుకుంది. అంతే అనుకుంది.

అప్పుడు బండి మోత మారింది. మలుపు ముందుంది, బండి తగ్గడం లేదు. ఆమె కిందికి చూసేసరికి అతని పాదం బ్రేకు పక్కన రేకును తొక్కుతోంది, ఉన్న బలమంతా పెట్టి. అతని ముఖంలో బ్రేకు తొక్కుతున్నవాడి ధీమా. ఆమె నొక్కలేదు, ఆ మోకాలిని గిచ్చి అరిచింది. అతను స్టీరింగు కొండవైపు కోసేశాడు, హ్యాండుబ్రేకు లాగాడు. బండి పక్క భాగం రాతికి ఒరుసుకుంటూ, చెవులు చిల్లులు పడే మోతతో, చాలా దూరం పోయి ఆగింది.

ఎవరికీ ప్రాణం పోలేదు. టీచరమ్మ మొహం ముందు కమ్మీకి కొట్టుకుని కళ్లద్దాలు పగిలాయి, పెదవి చిట్లింది. తర్వాత ఒక్కొక్కరే దిగి కొండను ఆనుకుని నిలబడ్డారు. మంచుకొండ ఇంకా అక్కడే ఉంది. ఎవరూ చూడలేదు.

గైడమ్మాయి అడిగింది. "బ్రేకు ఫెయిలయింది కదా బాబాయ్? బ్రేకే కదా?"

నిదానం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తల ఊపాడో, ఆ తల దానంతటదే ఊగిందో.

"నేను చెప్పలా? ఈ కంపెనీలన్నీ ఇంతే!" కెమెరా ఆయన అందరికీ వినబడేలా అన్నాడు. "మనుషుల ప్రాణాలంటే లెక్క లేదు. పాపం డ్రైవరు సమయానికి కొండవైపు కోశాడు కాబట్టి బతికాం. దండం పెట్టాలి ఆయనకు."

గైడమ్మాయి మేనేజరుకు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"బ్రేకులా?" మేనేజరు గొంతు లోయంతా వినబడింది. "బయల్దేరే ముందేగా షెడ్డు మేస్త్రి విప్పి చూసింది! వాడికి చేతులు వణుకుతున్నాయని నేనెప్పుడో అనుకున్నా. ఇవాళే వాణ్ణి గేటు బయటికి గెంటిస్తా. నిదానం ఎలా ఉన్నాడు? రెస్టు తీసుకోమను. వారం సెలవు ఇస్తున్నానని చెప్పు."

తెల్లవారినప్పట్నుంచీ కష్టపడినా దొరకనంత మంచి అబద్ధం అది, వేడివేడిగా వడ్డించి పెట్టినట్టు. కంపెనీ మీద అందరికీ కోపం, డ్రైవరు మీద అందరికీ ప్రేమ. కంపెనీ ఆ కోపానికి తగిందే కూడా. మధ్యలో పోయేది మేస్త్రి ఒక్కడే. ఇస్త్రీ అక్క భర్త వంక చూసింది.

ఆమె ఫోను దగ్గరికి వెళ్లింది.

"బ్రేకు బాగానే ఉంది సార్. మేస్త్రి బాగానే చేశాడు. మా ఆయన కాలే బాగాలేదు. చచ్చుబడిపోయింది. ఎక్కడ పెడుతున్నాడో ఆయనకు తెలీదు. నేను పక్కన కూర్చుని చెబుతున్నా. ఇందాక నేను కొండ చూశాను."

మేనేజరు "ఇంకో డ్రైవరును పంపిస్తా" అని పెట్టేశాడు. వారం సెలవు మాట మళ్లీ ఎత్తలేదు.

టీచరమ్మ రుమాలు పెదవి మీంచి తీసింది. "అంటే, ఆ చెయ్యి..."

"అవునండీ."

"అన్ని రోజులూ?"

"అవునండీ."

"నా టీ తాగావు. నా బిస్కెట్లు తిన్నావు. మా అందర్నీ చంపేద్దామనుకున్నారా మీరిద్దరూ?"

"అనుకోలేదండీ" అంది ఇస్త్రీ అక్క. "ఆ సంగతి అనుకోకుండా ఉండటానికే చాలా కష్టపడ్డాం."

కెమెరా ఆయన బూతు మాట ఒకటి అన్నాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. ఆపాల్సిన పని కూడా లేదు. వాళ్ల కోపం న్యాయమైనదే. నేరం ఎంత పెద్ద ఇంట్లో పుట్టినా గాయం మాత్రం టీచరమ్మ పెదవి మీదే ఉంది.

నిదానం దిగి తాళంచెవి గైడమ్మాయి చేతిలో పెట్టాడు. భార్య పక్కకొచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఎందుకు చెప్పావే? సర్దుకుపోయేది కదా."

"నేను తల ఎత్తానయ్యా" అంది. "ఎత్తననుకున్నా. ఎత్తాను. మనిషన్నాక రేపు మళ్లీ ఎత్తుతా."

అతను ఏడుస్తాడేమోనని చూసింది. ఏడవలేదు. ఆమెకూ ఏడుపు రాలేదు. పని అయిపోయాక రోలరు ఆపినప్పుడు చెవుల్లో వచ్చే నిశ్శబ్దం లాంటిదేదో ఉంది, అంతే.

మధ్యాహ్నం దాటాక సరస్సు ఊరి నుంచి ఎవరి లారీలోనో ఎక్కి కొత్త డ్రైవరు వచ్చాడు. బక్కపల్చటి మనిషి. బండి చుట్టూ తిరిగి, గీరుకుపోయిన రేకును తన్ని చూసి, "నడుస్తుంది" అన్నాడు. టూరిస్టులు ఎక్కి కూర్చున్నారు. జరిగిందంతా గైడమ్మాయి అతనికి చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. విని, ఇస్త్రీ అక్క దగ్గరికొచ్చి, సిగరెట్టు అడిగినంత మామూలుగా అడిగాడు.

"అక్కా, మీరు ముందు సీట్లోనే కూర్చోండి. నేను నిన్న జలపాతం బ్యాచిని దింపి వచ్చా, అంతకుముందు విమానాశ్రయం. రెండు రాత్రుళ్లుగా కన్ను మూయలేదు. కునుకు పడితే తొడ మీద గిచ్చండి. గట్టిగా గిచ్చినా ఫరవాలేదు."

ఆమె అతని కళ్లు చూసింది. చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ మనిషి మీద ఆమెకు కోపం రాలేదు. జాలి కూడా రాలేదు. ఇది బయటపడితే ఇతని గతి ఏమవుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఆ కనుమ మీద ఇంకొకరే ఉన్నారు, ఆయన తన పాదాన్ని చూసుకుంటూ రాయి మీద కూర్చున్నాడు.

"అమ్మాయీ" అని గైడును పిలిచింది. "వీళ్లందర్నీ దింపు."

"మళ్లీ ఏమైంది పిన్నీ?"

"ఈయనకు నిద్ర లేదు. పడుకోనీ. లేచాక పోదాం."

"అక్కా!" అన్నాడు బక్కపల్చటి డ్రైవరు. ఆ ఒక్క మాటలో చాలా ఉంది.

బండిలో గొడవ మొదలైంది. సాయంత్రం జలపాతం పోతుందని ఒకరు, హోటలు గది పోతుందని ఒకరు, డబ్బు వెనక్కి ఇవ్వాలని కెమెరా ఆయన. గైడమ్మాయి మేనేజరుకు మళ్లీ ఫోను చెయ్యబోయింది. అప్పుడు టీచరమ్మ లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా తన సంచీ తీసుకుని దిగిపోయింది. వెనకే ఇంకొకరు దిగారు. చివరికి కెమెరా ఆయన కూడా దిగాడు, తిట్టుకుంటూనే. డ్రైవరు ఆఖరి వరస సీటులో ఒరిగాడు. వద్దు వద్దంటూనే ఒరిగి, బూట్లు విప్పకుండానే గురక పెట్టాడు. గైడమ్మాయి తన శాలువా తీసి అతని కాళ్ల మీద కప్పింది.

టూరిస్టులంతా కొండ వారగా రాళ్ల మీద వరసగా కూర్చున్నారు. మబ్బు మళ్లీ మూసుకుంది. చూడటానికి ఏమీ లేదు. కింది నుంచి ఇంకో కంపెనీ వ్యాను వచ్చింది, దారికి అడ్డంగా ఉన్నారని పొడుగ్గా హారన్ కొట్టింది. టీచరమ్మ వాచిన పెదవితో, పగిలిన కళ్లద్దాలతో లేచి రోడ్డు మధ్యకు వెళ్లి నిలబడింది. తరగతిలో పిల్లల్ని ఆపినట్టు చెయ్యెత్తింది.

"చప్పుడు చెయ్యకండి. లోపల డ్రైవరు నిద్రపోతున్నాడు."

తిరిగొచ్చి తన రాయి మీద కూర్చుంది. ఫ్లాస్కు తీసి పక్కవాళ్లకు టీ పోసింది, నిదానానికి కూడా ఒక కప్పు పంపింది. ఇస్త్రీ అక్క వైపు మాత్రం చూడలేదు. ఆ రోజూ చూడలేదు, ఊళ్లో దిగి ఎవరి దారిన వాళ్లు పోయేటప్పుడూ చూడలేదు.